చెక్కు వెనక వైపు

టామరాక్ గల్చ్
2 మార్చి 2013

అక్కా,

ముందు నా ఒంటి సంగతి చెప్పేస్తే మిగతా ఉత్తరం నువ్వు ప్రశాంతంగా చదువుకుంటావు. దగ్గు ఉంది. డాక్టరు నా ఊపిరితిత్తుల ఫొటో వెలుతురుకి ఎత్తి చూసి పెదవి విరిచాడు. ఈ డిసెంబరులో మా గనివాళ్ల సెయింట్ బార్బరా పండుగకి గని పని మానేసి పైకి వచ్చేస్తానని నీకు మాటిచ్చాను కదా, ఆ మాట మీదే ఉన్నాను. ఇక దాని ఊసెత్తకు.

అసలు సంగతి ఇది. రాష్ట్రం నా డబ్బు నాకు వెనక్కి ఇచ్చింది. పోయిన ఏడాది నా జీతంలోంచి పట్టుకున్న రాష్ట్ర ఆదాయపు పన్ను మొత్తం, చిల్లరతో సహా. వాషింగ్టన్‌లోని కేంద్రం వాళ్లు ఇంకా నోరు విప్పలేదు, వాళ్ల సంగతి తర్వాత.

నువ్వు మఠంలో చేరి డబ్బు ముట్టడం మానేసి నలభై ఏళ్లవుతోంది కాబట్టి వివరంగా చెప్తాను. తాతయ్య రోజుల్లో జీతాల రోజున గని గుమ్మం దగ్గర బల్ల వేసి వెండి డాలర్లు చేతిలో పోసేవాళ్లు. ఇప్పుడు నేను భూమిలోకి మైలు దిగి అదే వెండిని తవ్వి పైకి పంపిస్తే నాకు చేతిలో పెట్టేది కాయితం. మన జేబుల్లో తిరిగే నోట్లన్నీ బ్యాంకుల అప్పు కాయితాలే అక్కా. కానీ 1913లో ఆ బ్యాంకుల కోసం చేసిన చట్టంలోనే, పదహారో విభాగంలో, ఒక ముక్క ఉంది. ఎవరైనా అడిగితే ఆ నోట్లను చట్టబద్ధమైన ద్రవ్యంగా మార్చి ఇవ్వాలట. అడిగితే. వందేళ్లుగా ఎవరూ అడగలేదు. నేను అడిగాను.

ఎలా అడిగానంటావా? రబ్బరు స్టాంపు చేయించాను. ప్రతి జీతం చెక్కు వెనక, నా సంతకం మీద, ఎర్ర సిరాతో గుద్దుతాను: "చట్టబద్ధమైన ద్రవ్యంగా మార్చి ఇవ్వాలని కోరుతున్నాను." బ్యాంకులో డార్లీన్ ఉంటుందే, బిల్ కొర్నెల్ కూతురు, ఆమె ప్రతిసారీ చెక్కు తిప్పి చూసి నిట్టూరుస్తుంది.

"ఎమిల్, నా దగ్గర ఇరవైలున్నాయి, యాభైలున్నాయి. ఏవి కావాలి?"

"ఇరవైలే ఇవ్వు. కానీ నేను అడిగానని నీకు తెలుసు కదా?"

"ప్రతి శుక్రవారం తెలుసు."

అడిగినవాడికి అందిన డబ్బు బ్యాంకుల కాయితం కిందకి రాదు. అది కానప్పుడు దాని మీద పన్ను లేదు. రిటర్నులో ఆదాయం దగ్గర సున్నా వేశాను, స్టాంపు వేసిన చెక్కుల నకళ్లు జత చేశాను, పంపేశాను. ఆరు వారాల్లో రీఫండ్ వచ్చింది. ఆ చెక్కుని వంటింటి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు నిలబడే ఉండిపోయాను. దాని ముందు కూర్చోవాలనిపించలేదు. ఒక్కడు, గనిలో పనిచేసేవాడు, చట్టంలో ఉన్న మాట ఉన్నట్టుగా పలికితే ఇంత పెద్ద రాష్ట్రం విన్నది.

నువ్వే కదా చిన్నప్పుడు నన్ను పూజకి సహాయకుడిగా నిలబెట్టి నేర్పావు, ఫాదర్ మాట పలికేదాకా అది అప్పం, పలికాక క్రీస్తు శరీరం అని. అందుకే నిన్ను అడుగుతున్నాను. మాట ఒక వస్తువుని ఇంకో వస్తువుగా మార్చగలదా లేదా? డొంకతిరుగుడు లేకుండా చెప్పు.

మీ మఠం గంట ఇంకా షెడ్డు పక్కన గడ్డిలో పాత టైర్ల మీదే కూర్చుందా? దాన్ని వేలాడదీసే దూలానికీ క్రేనుకీ అయ్యే ఖర్చు క్రిస్మస్ ఉత్తరంలో రాశావు. చదివి నోరు తెరిచాను.

ప్రస్తుతానికి నేల మీదే ఉన్న నీ తమ్ముడు,
ఎమిల్


సెయింట్ లియోబా మఠం
17 మార్చి 2013

ఎమిల్,

ఈస్టరు ముందు వచ్చే ఈ తపస్సు కాలంలో మేము ఉత్తరాలు తగ్గించుకోవాలి. నీకు జవాబు రాయడానికి మదర్ వాల్బర్గా దగ్గరికి అనుమతి కోసం వెళ్లాను.

"పండుగ దాకా ఆగలేవా?" అంది.

"మా తమ్ముడు డబ్బు గురించి కొత్త సిద్ధాంతం పట్టుకున్నాడు మదర్."

"అయితే ఇప్పుడే రాయి," అంది.

నువ్వు పంపిన అక్రోటు రొట్టె అందింది. అంచు చూస్తేనే తెలుస్తోంది, అమ్మ చేసినంత పల్చగా పొరలు రాలేదు, కానీ నువ్వు చేసినదానికి మెచ్చుకోవాల్సిందే. పండుగ నాడు కోస్తాం.

నీ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్తాను. మాట ఒక వస్తువుని ఇంకో వస్తువుగా మార్చగలదు. నేను దాన్ని నమ్ముతాను. నా బతుకంతా ఆ నమ్మకం మీదే నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుగా ఇక్కడ అప్పాలు కాలుస్తున్నా, ప్రతి ఉదయం పూజలో ఆ క్షణం వచ్చేసరికి నాకు ఇప్పటికీ ఊపిరి ఆగుతుంది. ఇప్పుడు కాగితం తిప్పు.

తిప్పావా? ఇది కూడా అంతే శ్రద్ధగా చదువు. మేము అప్పాలకి వాడేది గోధుమపిండి, నీళ్లు, అంతే. ఇనప పెనాల మధ్య పోసి కాలుస్తాం, తేమ గదిలో మెత్తబరిచి గుండ్రంగా కోస్తాం, పెట్టెల్లో సర్ది మూడు రాష్ట్రాల గుళ్లకి పంపిస్తాం. ఆ పెట్టె గుమ్మం దాటేదాకా అందులో ఉన్నది పిండీ నీళ్లే. నేను పెనం ముందు నిలబడి ఆ పవిత్రమైన మాటలన్నీ పలికినా అది రొట్టె ముక్కే. ఆ మాటకి బలం పలికేవాడి గొంతులోంచి రాదు ఎమిల్. నీ స్టాంపుకి అంత బలం ఎవరిచ్చారు? రాష్ట్రం నీ మాట విన్నదని నాకనిపించడం లేదు. ఎక్కడో ఒక యంత్రం చూడకుండా వదిలేసి ఉంటుంది. ఆ డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టు.

కాగితంలో ఇంకా చోటుంది కాబట్టి మంచి వార్త కూడా రాస్తాను. మొన్న శుక్రవారం ఒక కవరు వచ్చింది. లోపల పోస్టాఫీసు మనీ ఆర్డరు, పంపినవారి చోట "ఒక పనివాడు" అని మాత్రం ఉంది. గంట దూలానికి తక్కువైనదానికి సరిపోయేంత సొమ్ము. మదర్ దాన్ని భోజనాల గదిలో చదివి వినిపిస్తే ఎవరూ చెంచా కదపలేదు. ఆ మనిషి ఎవరో మాకు తెలియదు, అతనికి మేము తెలుసో లేదో తెలియదు. ప్రతి సాయంత్రం అతని కోసం ప్రార్థిస్తున్నాం. వాడిన తపాలా బిళ్ల మీద ముద్ర పడకపోతే ఊడదీసి మళ్లీ అంటించే నీలాంటివాడు కూడా కాస్త ఆలోచించుకోవాల్సిన సంగతి ఇది.

ప్రేమతో,
నీ అక్క ఆగ్నెస్


టామరాక్ గల్చ్
20 మే 2013

అక్కా,

కొండ మీద మంచు కరుగుతోంది, వీధి వీధంతా బురద. మేము తవ్వే లోతులో కొత్త వెండి చాలు దొరికింది. దీపం వేస్తే రాయి బూడిద రంగులో మెరుస్తుంది, చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. భూమి పుట్టినప్పటి నుంచి దాన్ని ఎవరూ చూడలేదు. మొదట చూసింది నేనూ, నా జోడీ హాంక్. హాంక్ టోపీ తీశాడు. నేనూ తీశాను.

ఇక రాష్ట్రం. పన్నుల శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. రీఫండ్ పొరపాటున వెళ్లిందట. అరవై రోజుల్లో తిరిగి కట్టేస్తే గొడవ లేదట. కట్టకపోతే పసలేని వాదనతో రిటర్ను వేసినందుకు జరిమానా కలిపి, మొత్తం నా జీతంలోంచి పట్టుకుంటారట. లెక్క వేశాను. అదే జరిగితే సెయింట్ బార్బరా పండుగకి కాదు, ఆ తర్వాత ఇంకో రెండు చలికాలాలు నేను కిందే ఉండాలి.

తిరిగి ఇచ్చెయ్యమని రాస్తావని తెలుసు. ఇవ్వను. వెంటనే అప్పీలు వేశాను. చట్టం నకలు ఎగ్జిబిట్ ఎ. చెక్కుల నకళ్లు ఎగ్జిబిట్ బి. నోటరీ ముందు ప్రమాణం చేసి ఎగ్జిబిట్ సి కూడా జత చేశాను. అది వాళ్లు ఊహించని దెబ్బ. మాటకి వస్తువుని మార్చే శక్తి ఉందని, ఈ విషయంలో జీవితమంతా గడిపిన ఒక మనిషి స్వయంగా రాసి ఇచ్చిన సాక్ష్యం.

ఆ పనివాడి కబురు విన్నాను. ఎవడో వెర్రిబాగులవాడు. గంట ఎప్పుడు పైకెక్కిస్తారో రాయి.

ఎమిల్


సెయింట్ లియోబా మఠం
24 జూన్ 2013

ఎమిల్,

నీ ఎగ్జిబిట్ సి రాస్తున్నది.

రాష్ట్రం తరఫు లాయరు ఇక్కడికి ఒక కాగితం పంపాడు. నేను సాక్షినట. మదర్ అది అందరి ముందూ చదివింది. ఎనభై తొమ్మిదేళ్ల సిస్టర్ లుడ్మిలా నా చెయ్యి పట్టుకుని, "జైలుకి వెళ్తే దుప్పటి మర్చిపోకు," అంది. ఆమె సరదాకి అనలేదు.

లాయరు పంపిన నకలు చూశాక నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నువ్వు నా ఉత్తరం ముందు వైపు మాత్రమే నకలు తీశావు. "ఇప్పుడు కాగితం తిప్పు" అనే మాటతో ఆ సాక్ష్యం ముగుస్తుంది. ప్రతి శుక్రవారం ఒక కాగితం వెనక వైపు కోసం బ్యాంకులో తగువాడేవాడివి నువ్వు. మఠంలో కాగితం రెండు వైపులా వాడతామని నీకు నలభై ఏళ్లుగా తెలుసు. ఎమిల్, వాళ్లు అడిగితే నేను వెనక వైపు కూడా చదువుతాను. నా తమ్ముడివి కదా అని సగం కాగితం మింగలేను.

ఆ డబ్బు తిరిగి కట్టు. నిన్ను బతిమాలుతున్నాను. ఇంకో రెండు చలికాలాలంటే ఏమిటో నీ డాక్టరుకీ తెలుసు, నాకూ తెలుసు. ఊపిరాడని నాన్న చివరి సంవత్సరం నువ్వే పక్కనుండి చూశావు. డబ్బు దగ్గర ఉందా? లేక ఖర్చు పెట్టేశావా? కొత్త ట్రక్కు కొన్నావా? కొని ఉంటే అమ్మెయ్యి.

కోపంలో గంట సంగతి రాయకుండా ముగించబోయాను. దాన్ని మొన్న గురువారం పైకెక్కించారు. క్రేను దాన్ని గడ్డి మీద నుంచి లేపినప్పుడు కింద టైర్ల గుర్తులు, వాటిలో తెల్లబడిపోయిన గడ్డి కనిపించాయి. పదకొండేళ్లు అక్కడే ఉంది. కొత్త ఉక్కు దూలానికి బిగించాక సిస్టర్ లుడ్మిలాని కుర్చీలో తీసుకొచ్చి తాడు చేతికిచ్చారు. ఆమె లాగింది. ఏమీ కాలేదు. మళ్లీ లాగింది. అప్పుడు మోగింది.

నేను అప్పటికి అప్పాల గదికి వచ్చేశాను. గుండెలోంచి వచ్చిందనుకున్నాను. కిటికీలు వణికాయి. రోడ్డవతల గోధుమ చేలో ఒక రైతు ట్రాక్టరు ఆపి దిగి నిలబడ్డాడు. అతను మా మతం వాడు కూడా కాదు. ఇన్నేళ్లూ మేము రోజుకి మూడుసార్లు ఒకరినొకరు పిలుచుకుని ప్రార్థనకి లేచేవాళ్లం. ఇప్పుడు ఆకాశం పిలుస్తోంది. ఆ పనివాడు ఈ శబ్దం ఒక్కసారి వింటే బాగుండును, తను ఏం చేశాడో తెలిసేది.

నీ మీద కోపంగానూ, నీ కోసం భయంగానూ ఉన్న
ఆగ్నెస్


టామరాక్ గల్చ్
18 ఆగస్టు 2013

అక్కా,

ట్రక్కు కొనలేదు. నాకున్నది ఆ పాత ట్రక్కే, దాని ఎడమ తలుపు ఇప్పటికీ లోపలి నుంచే తెరవాలి. డబ్బు ఖర్చయింది, దేనికని అడక్కు. దుబారా చెయ్యలేదు. అరవై రోజుల గడువు దాటిపోయింది, ఇక విచారణే.

సెప్టెంబరు పన్నెండు, గురువారం, రాజధానిలో. నువ్వు రానక్కర్లేదు, మఠం ఫోనులో మాట్లాడితే చాలన్నారు. పదకొండున్నరకి చేస్తారు. వెనక వైపు చదవాలనుంటే చదువు. నేనూ మళ్లీ చదివాను. మొదటిసారి అదేదో వంటింటి కబురనుకుని వదిలేశాను. రెండోసారి చదివితే అది నా స్టాంపు గురించేనని అర్థమైంది. అందుకే నీకు ఇన్నాళ్లు రాయలేదు.

నువ్వు నన్ను పిచ్చివాడనుకోకూడదని ఒక్క మాట రాస్తున్నాను. ఇదంతా నేను డబ్బు కోసం చెయ్యలేదు. తాతయ్య దగ్గర ఒక పాత నోటు ఉండేది, గుర్తుందా? అడిగినవారికి వెండి ఇస్తామని దాని మీద అచ్చు వేసి ఉండేది. చిన్నప్పుడు అది చూసి నాకు ఎంత ఆశ్చర్యం వేసేదో. ముక్కూ మొహం తెలియని ఎవడు వెళ్లి అడిగినా ఇస్తామని ఒక దేశం మాటివ్వడం. తర్వాత ఆ మాట నోటు మీంచి తీసేశారు. చట్టం మూలలో ఒక ముక్క మాత్రం మిగిలింది. నాకు ఒక్కసారి అడిగి, ఇస్తారో లేదో చూడాలనిపించింది. రీఫండ్ వచ్చిన రోజు, ఇచ్చారనుకున్నాను. నా బతుకులో ఇంకెప్పుడూ అంత సంతోషపడలేదు.

దగ్గు అలాగే ఉంది.

ఎమిల్


సెయింట్ లియోబా మఠం
12 సెప్టెంబరు 2013

తమ్ముడూ,

నిన్ను నేనే ఓడించి ఉంటాననిపిస్తోంది. ఏం జరిగిందో నా వైపు నుంచి రాస్తాను, నీ వైపు నుంచి నువ్వు రాయి. అక్కడ ఏమైందో నాకు సగమే తెలుసు.

అప్పాల గది ఫోను దగ్గర కూర్చోబెట్టారు. విచారణాధికారి హాల్వర్సన్ గారి గొంతు మృదువుగా ఉంది. ప్రమాణం చేయించింది. ఉత్తరం రెండు వైపులా చదవమంది, చదివాను. తర్వాత అడిగింది.

"సిస్టర్, మీ తమ్ముడు స్టాంపు వేస్తే ఆ చెక్కు మారుతుందని మీరు నమ్ముతారా?"

"నమ్మనమ్మా. ఒక్క మనిషి మాటకి ఏదీ మారదు. మా పూజలో కూడా ఆ మాట ఫాదర్ ఒక్కడిది కాదు."

"మరి డబ్బుకి విలువ ఎక్కణ్నుంచి వస్తుందంటారు? మీ తమ్ముడు అది వట్టి కాయితం అంటున్నారు."

ఆ ప్రశ్నకి నేను సిద్ధపడి రాలేదు. డబ్బు ముట్టుకోనిదాన్ని, నాకేం తెలుసు? కానీ చెప్పడం మొదలుపెట్టాను. వాడన్నది నిజమే, అది వట్టి కాయితమే అన్నాను. కానీ ఎదురుగా ఉన్న రైతు ఆ కాయితం తీసుకుని మాకు గోధుమలు ఇస్తాడు. మేము అదే తీసుకుని అప్పాలు పంపుతాం. మా తమ్ముడు అదే తీసుకుని మైలు లోతుకి దిగుతాడు. ఒకరినొకరు ఎన్నడూ చూడనివాళ్లు, కోట్లమంది, పొద్దున లేచి ఒకరి మాట ఒకరు నమ్ముతున్నారు. నమ్మకం గుడిలోనే ఉంటుందని నలభై ఏళ్లుగా అనుకున్నాను. అది కిరాణా కొట్టులో కూడా ఉందని ఈ ఫోనులో మాట్లాడుతూ తెలుసుకున్నాను. అందుకే వాడు తప్పు చేశాడు, అన్నాను, ఆ మాట అందరిదీ, దాన్నుంచి ఒక్కడు తన వాటా తీసేసుకోలేడు.

ఇంకో మాట కూడా చెప్పబోయాను. నా తమ్ముడు దొంగ కాదు, ఆ డబ్బు ఏం చేశాడో నాకు తెలియదు గాని తన సుఖం కోసం ఏమీ కొనుక్కుని ఉండడు అని. అది చెప్పేలోపు మధ్యాహ్నపు త్రికాల ప్రార్థనకి గంట మోగింది. గంట మోగితే చేతిలో ఏముంటే అది వదిలి నిలబడాలి, అది మా నియమం. రాష్ట్రమైనా సరే. రిసీవరు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాను. ప్రార్థన అయ్యాక తీసి "హలో" అంటే అవతల చాలాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఆమె, "థాంక్యూ సిస్టర్, ఇక చాలు," అని పెట్టేసింది.

నీ పక్షాన చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండానే అయిపోయింది. మర్యాద తెలియనిదాన్నని వాళ్లకి కోపం వచ్చిందేమో, దాని ఫలితం నీ మీద పడిందేమో. ఇవాళ నాకు అన్నం సయించలేదు.

ఆగ్నెస్


టామరాక్ గల్చ్
29 సెప్టెంబరు 2013

అక్కా,

నువ్వు అన్నం తిను. తర్వాత ఇది చదువు. రెండు వైపులా రాస్తున్నాను.

అది చిన్న గది, పొడుగు బల్ల. ఒక పక్క నేను, ఎదురుగా రాష్ట్రం లాయరు, చివర హాల్వర్సన్ గారు. ఆమె పక్కన రికార్డు టైపు చేసే అమ్మాయి. నీ గొంతు బల్ల మధ్యలో పెట్టిన పెట్టెలోంచి వస్తోంది. గోధుమల గురించి, కిరాణా కొట్టు గురించి చెప్పినప్పుడు లాయరు రాయడం ఆపి విన్నాడు. నాకు కోపం రాలేదు. నేను అడుగుతూ తిరిగిన ఆ మాట, ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఇచ్చే మాట, ఇన్నాళ్లూ నా జేబులోనే ఉందని నువ్వు చెప్తుంటే జేబు తడుముకున్నాను.

అప్పుడు గంట మోగింది. నువ్వు రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు మాకు వినిపించింది. నువ్వు లైన్లో లేవని హాల్వర్సన్ గారికి అర్థం కాలేదు. పెట్టె వైపు చూసి, నా వైపు చూసింది.

"మిస్టర్ జూరిచ్, ఒక్క విషయం. రీఫండ్ సొమ్ము ఇప్పుడు ఎక్కడ ఉంది? తిరిగి కట్టగలిగే స్థితిలో ఉన్నారా?"

ఆ పెట్టెలోంచి ఇంకో దెబ్బ. బల్ల మీద గ్లాసులో నీళ్లు కదిలాయి.

"ఆ శబ్దం ఏమిటి?" అంది.

"అదేనండీ," అన్నాను.

"అదే అంటే?"

"మీ రీఫండ్. అదే మోగుతోంది. పదకొండేళ్లు షెడ్డు పక్కన పడి ఉంది. దూలానికి డబ్బు చాల్లేదని మా అక్క రాసింది. మీరు పంపిన చెక్కు అలాగే మార్చి అక్కడికి పంపేశాను. ఆమెకి తెలియదు."

అక్కా, నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ ప్రమాణం చేసి కూర్చున్నాను, ఆమె సూటిగా అడిగింది, అబద్ధం చెప్పడం చేతకాలేదు. నేను కూడా ఆ గంట వినడం అదే మొదటిసారి. నువ్వు రాసింది చదివి ఊహించుకున్నాను గాని, అంత ఉంటుందనుకోలేదు. మూడు దెబ్బలు, ఆగి మూడు, ఆగి మూడు, ఆ తర్వాత విడవకుండా. లాయరు కలం కింద పెట్టాడు. హాల్వర్సన్ గారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. టైపు చేసే అమ్మాయి చివరికి మెల్లగా అడిగింది, "మేడమ్, దీన్ని రికార్డులో ఏమని రాయను?"

ఆమె కొంచెం ఆలోచించి, "గంట అని రాయి," అంది.

నువ్వు మళ్లీ "హలో" అన్నప్పుడు ఎవరూ పలకనిది అందుకు. కోపమొచ్చి కాదు.

తీర్పు అప్పుడే చెప్పింది. నా వాదన చట్టంలో నిలవదట. ఆ పదహారో విభాగం ఏ మాట చెప్పినా, నా చెక్కు నా జీతమే, జీతం ఆదాయమే. రీఫండ్ మొత్తం తిరిగి కట్టాలి. "మీరు పూర్తిగా తప్పు, మిస్టర్ జూరిచ్," అంది, నా కళ్లలోకి చూసి. "కానీ జరిమానా రాష్ట్రంతో ఆటలాడేవాళ్లకి. మీరు ఆడటం లేదు." జరిమానా కొట్టేసింది. మిగతాది నెలనెలా జీతంలోంచి పోతుంది. రెండు చలికాలాలు ఒకటయ్యాయి. ఈ సెయింట్ బార్బరాకి రాలేను, వచ్చే సెయింట్ బార్బరాకి వస్తాను. డాక్టరు తిడతాడు, తిట్టనీ. మాటిచ్చి తప్పుతున్నందుకు నువ్వూ తిట్టు. మదర్ ఆ డబ్బు తిరిగి పంపుతానంటుంది, నాకు తెలుసు. వద్దని చెప్పు. నేను కొన్నది నేనే కట్టుకుంటాను.

ఒక సంగతి రాస్తాను, నవ్వకు. కింద నా గడియారంలో పన్నెండు కాగానే డ్రిల్లు ఆపేస్తున్నాను. హాంక్ మొదటి రోజు, "ఏమైంది, గాలి గొట్టం తెగిందా?" అన్నాడు. "ఉండు," అన్నాను. మైలు లోతులో ఏమీ వినపడదు, నీళ్లు కారే చప్పుడు తప్ప. అయినా ఇద్దరం నిలబడుతున్నాం. మూడో రోజు నుంచి హాంక్ అడగడం మానేసి టోపీ తీస్తున్నాడు.

మొన్న శుక్రవారం జీతం తీసుకుని బ్యాంకుకి వెళ్లాను. స్టాంపు ఇంట్లోనే వదిలేశాను. చెక్కు వెనక పేరు ఒక్కటే రాశాను. డార్లీన్ దాన్ని తిప్పి చూసింది, మళ్లీ ముందుకి తిప్పి మళ్లీ వెనక్కి తిప్పింది.

"ఏంటి ఎమిల్, ఇవాళ అడగవా?"

"ఇచ్చేశారు," అన్నాను.

ఆమె ఇరవైలు లెక్కపెట్టి ఇచ్చింది. తీసుకున్నాను.

నీ తమ్ముడు,
ఎమిల్